నల్లమల అంచున విడిది: జడ్చర్ల మార్గంలో బస స్థలాలు, పాటించవలసిన నియమాలు

(ప్రత్యేక వ్యాసం)

జడ్చర్ల: మహబూబ్‌నగర్, రాయచూరు, కర్నూలు వైపుల నుంచి నల్లమల అడవులకు వెళ్లే పర్యాటకులకు జడ్చర్ల సహజమైన కూడలి. హైదరాబాద్-బెంగళూరు మధ్య గల 44వ నంబరు జాతీయ రహదారి, రాయచూరు నుంచి కల్వకుర్తి మీదుగా కోదాడ వైపు సాగే 167వ నంబరు జాతీయ రహదారి ఇక్కడనే కలుస్తున్నవి. సికింద్రాబాద్-డోన్ రైలు మార్గంలో స్టేషను ఉండటం, ఆర్టీసీ బస్సుల రాకపోకలు అధికంగా ఉండటం వలన వారాంతాలలోను, కార్తీక మాసం, మహాశివరాత్రి, చైత్ర పౌర్ణమి సందర్భాలలోను వందలాది కుటుంబాలు ఈ పట్టణం మీదుగానే అడవి వైపు ప్రయాణిస్తుంటవి.

వీరిలో చాలామంది అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "అడవిలో గుడారం వేసుకొని ఒక రాత్రి గడపవచ్చునా?" దీనికి సూటి సమాధానం, ఇష్టానుసారం గడపడానికి వీలులేదు అన్నదే. అయితే నల్లమలను చూడటానికి ఇది అడ్డంకి కానేకాదు. పగలు అనుమతితో అడవిలోనికి వెళ్లి, రాత్రికి అడవి అంచున ఉన్న ఊళ్లలో బస చేయడం చట్టసమ్మతమైన పద్ధతి. పులికి, చెంచు కుటుంబానికి, సందర్శకునికి, ముగ్గురికీ క్షేమకరమైన పద్ధతి కూడా ఇదే. ఆ బస స్థలాలు ఎక్కడెక్కడ ఉన్నవి, చట్టం ఏమి చెబుతున్నది, ఎందుకు చెబుతున్నది అనే విషయాలను పత్రికా ప్రతినిధులు, అధికారుల ఉపయోగార్థం ఈ వ్యాసంలో క్రోడీకరించడమైనది.

అడవి స్వరూపం - పరిపాలన

తూర్పు కనుమలలో భాగమైన నల్లమల కొండలను కృష్ణానది లోతైన లోయగా చీల్చుకొని ప్రవహిస్తున్నది. నదికి ఉత్తరాన ఉన్న భాగం అమ్రాబాద్ పీఠభూమి. ఇందులో అమ్రాబాద్, పదర గ్రామాలు ఉన్న దిగువ భాగం సాగు భూములతో నిండి ఉండగా, ఫరహాబాద్ వైపున్న ఎగువ భాగం దట్టమైన అడవి. నల్లమద్ది, టేకు, తునికి, మోదుగ, ఇప్ప, వెదురు ఇక్కడి ప్రధాన వృక్షజాతులు. పులి, చిరుతపులి, ఎలుగుబంటి, రేచుకుక్క, కణితి, చుక్కల దుప్పి, కొండగొర్రె, అలుగు మొదలైన జంతువులు ఈ అడవులలో నివసిస్తున్నవి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ ప్రాంతాన్ని 1978లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించి, 1983లో ప్రాజెక్టు టైగర్ పరిధిలోనికి తీసుకొనిరావడం జరిగింది. 3,568 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం గల ఈ నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యానికి 1992లో రాజీవ్ గాంధీ పేరు పెట్టారు. 2014లో రాష్ట్ర విభజన జరిగిన తరువాత కృష్ణకు ఉత్తరాన ఉన్న భాగం తెలంగాణకు చెంది, 2015లో అమ్రాబాద్ పులుల అభయారణ్యంగా నోటిఫై అయినది. దీని కోర్ ప్రాంతం 2,166.37 చదరపు కిలోమీటర్లు, బఫర్ ప్రాంతం 445.02 చదరపు కిలోమీటర్లు, మొత్తం 2,611.39 చదరపు కిలోమీటర్లు.

ఈ అంకెలలో గమనించవలసిన విషయం ఒకటున్నది. మొత్తం విస్తీర్ణంలో ఐదింట నాలుగు వంతులకు మించిన భాగం కోర్ ప్రాంతమే. అనగా పర్యాటకుడు రహదారి దిగి అడవిలో అడుగుపెట్టిన చోటు బఫర్ కన్న కోర్ అయ్యే అవకాశమే ఎక్కువ. "ఏదో ఒక మూల గుడారం వేసుకుంటాము" అన్న మాట ఇక్కడ చెల్లదు.

అభయారణ్యం ప్రధానంగా నాగర్‌కర్నూల్ జిల్లాలోను, కొంతమేరకు నల్లగొండ జిల్లాలోను విస్తరించి ఉన్నది. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరగడానికి ముందు అచ్చంపేట, అమ్రాబాద్, కొల్లాపూర్ ప్రాంతాలు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేవి. జడ్చర్ల మాత్రం నేటికీ మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉన్నది.

జడ్చర్ల నుంచి మార్గాలు

జడ్చర్ల నుంచి నల్లమల అంచులకు మూడు దిక్కులుగా చేరవచ్చును.

మొదటిది మన్ననూరు మార్గం. జడ్చర్ల నుంచి తూర్పుగా 167వ నంబరు జాతీయ రహదారిపై కల్వకుర్తి చేరి, ఆ తరువాత హైదరాబాద్-శ్రీశైలం రహదారి (765వ నంబరు జాతీయ రహదారి) అందుకొని డిండి మీదుగా మన్ననూరు చేరవలెను. మొత్తం దూరం సుమారు 100 కిలోమీటర్లు. అచ్చంపేట పట్టణం ఈ రహదారికి ఒక పక్కగా ఉన్నది.

రెండవది కొల్లాపూర్ మార్గం. జడ్చర్ల నుంచి నాగర్‌కర్నూల్ మీదుగా కొల్లాపూర్, అక్కడి నుంచి కృష్ణాతీరాన గల సోమశిల చేరవచ్చును.

మూడవది నాగార్జునసాగర్ మార్గం. కల్వకుర్తి నుంచి అదే 167వ నంబరు రహదారిపై నల్లగొండ జిల్లాలోని మల్లేపల్లి వైపు సాగి నాగార్జునసాగర్‌కు వెళ్లవచ్చును. అభయారణ్యపు తూర్పు కొస ఇటువైపు ఉన్నది.

మన్ననూరు మార్గంలో ప్రయాణించేవారు ఒక నియమాన్ని ముందుగా తెలిసికొనుట అవసరం. వన్యప్రాణులు వాహనాల కింద పడి మరణించకుండా శ్రీశైలం రహదారిలోని అటవీ భాగంలో రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు వాహనాల రాకపోకలను నిలిపివేసే పద్ధతి అమలులో ఉన్నది. ఇటు మన్ననూరు, అటు దోమలపెంట వద్ద గేట్లు మూసివేస్తారు. కావున సాయంత్రం 6 గంటల తరువాత జడ్చర్ల చేరిన యాత్రికులు ఆ రాత్రి జడ్చర్లలోనో, కల్వకుర్తిలోనో బస చేసి తెల్లవారుజామున బయలుదేరుట ఉత్తమం. గేటు మూసివేసిన తరువాత రహదారి పక్కన వాహనాలు నిలిపి, వంటలు చేసుకొని, అక్కడనే నిద్రించడం సరికాదు.

బస స్థలాలు

జడ్చర్ల, మహబూబ్‌నగర్: జాతీయ రహదారి వెంబడి, పట్టణంలోను లాడ్జీలు, భోజన హోటళ్లు ఉన్నవి. సమీపంలోని మహబూబ్‌నగర్ జిల్లా కేంద్రంలో మరిన్ని వసతులు లభిస్తవి. ఒక రాత్రి ఇక్కడ ఆగినవారు ఉదయం పూట జడ్చర్ల మండలం ఆల్వాన్‌పల్లి వద్ద గల గొల్లత్తగుడిని చూడవచ్చును. ఇటుకలతో నిర్మించిన ప్రాచీన జైన ఆలయమిది. ఇటుక ఆలయాలు అరుదుగా మిగిలిన ఈ ప్రాంతంలో దీనికి ప్రత్యేక స్థానమున్నది. మహబూబ్‌నగర్ చేరువలోని పిల్లలమర్రి మహావృక్షం శతాబ్దాల నాటిది. 2017 డిసెంబరులో దీని పెద్ద కొమ్మ ఒకటి విరిగిపడగా సందర్శకులను నిలిపివేసి, 2018లో చెదల నివారణకు సెలైన్ సీసాల ద్వారా మందు ఎక్కించే చికిత్స చేపట్టారు. ప్రకృతి ఎంత పురాతనమైనదైనను, ఎంత విశాలమైనదైనను దానికి సంరక్షణ అవసరమన్న సత్యం నల్లమలకు బయలుదేరేవారికి ఇక్కడనే బోధపడుతుంది.

అచ్చంపేట, ఉమామహేశ్వరం: అడవికి వెలుపల, మన్ననూరుకు చేరువలో ఉన్న పట్టణం అచ్చంపేట. లాడ్జీలు, బస్‌స్టేషను, పెట్రోలు బంకులు, ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నందున కుటుంబాలతో వచ్చేవారికి ఇది అనువైన మజిలీ. ఇక్కడికి చేరువలో రంగాపూర్ వద్ద కొండ మీద ఉమామహేశ్వర క్షేత్రమున్నది. శ్రీశైలానికి తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పశ్చిమాన అలంపురం ద్వారాలు కాగా, ఉత్తర ద్వారంగా ఉమామహేశ్వరం ప్రసిద్ధి. రహదారులు లేని రోజులలో శ్రీశైల యాత్రికులు కొండ ఎక్కడానికి ముందు ఇటువంటి ద్వార క్షేత్రాలలో ఆగి, జట్టుగా కూడిన తరువాతనే అడవిలోనికి సాగేవారు. అడవికి ముందు ఆగుట అనునది నల్లమలలో పూర్వం నుంచి ఉన్న సంప్రదాయమే.

మన్ననూరు: అభయారణ్యానికి ముఖద్వారం. అటవీశాఖ పర్యావరణ విజ్ఞాన కేంద్రం, వాహన సఫారీ ఏర్పాట్లు ఇక్కడి నుంచి నడుస్తున్నవి. కాటేజీ బస, సఫారీ, అడవిలో నడక కలిపి ఒకే ప్యాకేజీగా అందించే 'టైగర్ స్టే' పథకాన్ని అటవీశాఖ 2021 నవంబరులో ప్రారంభించింది. పులుల అభయారణ్యాలలో రాత్రి బసకు సంబంధించిన ఉత్తర్వులు ఎప్పటికప్పుడు మారుతుంటవి. కావున పాత వార్తలను, పాత ప్రకటనలను ఆధారం చేసుకొనక, బయలుదేరే ముందు అచ్చంపేట అటవీ డివిజన్ కార్యాలయంలో గాని, అటవీశాఖ అధికారిక బుకింగ్ విధానంలో గాని విచారించి నిర్ధారించుకొనవలెను. వర్షాకాలంలో, సాధారణంగా జూలై నుంచి సెప్టెంబరు వరకు, సఫారీలను నిలిపివేస్తారు.

ఫరహాబాద్: మన్ననూరు దాటిన తరువాత రహదారిపై గేటు, లోపల వ్యూ పాయింట్ ఉన్నవి. నిజాం కాలపు వేట విడిది శిథిలాలు ఇక్కడ కనిపిస్తవి. నాడు పాలకులు వేటకై విడిది చేసిన చోటును నేడు వన్యప్రాణుల రక్షణకై కేటాయించడం జరిగింది. అటవీశాఖ వాహనంలో, గైడుతో కలిసి పగటి పూట మాత్రమే సందర్శించవలసిన స్థలమిది.

వటవర్లపల్లి, దోమలపెంట, ఈగలపెంట: శ్రీశైలం రహదారిపైనే ఉన్న ఊళ్లు. వటవర్లపల్లి చేరువలో మల్లెలతీర్థం జలపాతమున్నది. వర్షాకాలం చివరలోను, చలికాలం మొదటలోను నీరు సమృద్ధిగా ఉంటుంది. ఈగలపెంట ప్రధానంగా శ్రీశైలం ఎడమగట్టు జలవిద్యుత్ కేంద్రపు సిబ్బంది కాలనీగా ఏర్పడినది. 900 మెగావాట్ల సామర్థ్యం గల ఆ కేంద్రం కొండ గర్భంలో నిర్మితమైనది. ఈ ఊళ్లలో వసతులు పరిమితం కనుక ముందస్తుగా ఖాయం చేసికొనక రాత్రి వేళ చేరరాదు.

శ్రీశైలం: కృష్ణకు ఆవల, ఆంధ్రప్రదేశ్‌లోని నంద్యాల జిల్లాలో ఉన్నది. దేవస్థానం వసతి గృహాలు, వివిధ సామాజిక వర్గాల సత్రాలు, పర్యాటక శాఖ హోటలు ఉన్నందున ఈ మార్గంలో అత్యధిక సంఖ్యలో యాత్రికులు బస చేసే స్థలమిదే. రాష్ట్రం మారుతున్నందున నదికి ఆవలి అడవికి ఆంధ్రప్రదేశ్ అటవీశాఖ అనుమతులు వర్తిస్తవి. అమ్రాబాద్‌కు తీసుకొన్న అనుమతి అక్కడ చెల్లదు.

సోమశిల: కొల్లాపూర్ చేరువలో, శ్రీశైలం జలాశయపు వెనుక జలాల ఒడ్డున ఉన్నది. జలాశయ నిర్మాణంతో ముంపునకు గురైన ఆలయాలను తరలించి పునర్నిర్మించిన క్షేత్రమిది. పర్యాటకాభివృద్ధి సంస్థ కాటేజీలు ఇక్కడ ఉన్నవి. ఎదుట విశాలమైన నీరు, ఆవల నల్లమల కొండలు కనిపించే ఈ ఒడ్డున, అడవిలో కాలుమోపకుండనే అడవిని చూస్తూ రాత్రి గడపవచ్చును. కేంద్ర ప్రభుత్వ స్వదేశ్ దర్శన్ పథకం కింద 2015-16లో మంజూరైన మహబూబ్‌నగర్ జిల్లా ఎకో టూరిజం సర్క్యూట్‌లో సోమశిల, సింగోటం, ఈగలపెంట, ఫరహాబాద్, ఉమామహేశ్వరం, మల్లెలతీర్థం మొదలైన స్థలాలు చేరి ఉన్నవి.

నాగార్జునసాగర్: జలాశయపు ఒడ్డున పర్యాటకాభివృద్ధి సంస్థ వారి విజయ విహార్ ఉన్నది. నాగార్జునకొండ లాంచీ ప్రయాణంతో పాటు నల్లమల తూర్పు అంచును చూడగోరువారికి ఇది తగిన విడిది.

గుడారాల విషయంలో చట్టం

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 27వ సెక్షను ప్రకారం అభయారణ్యంలోనికి ఎవరు ప్రవేశించవచ్చునో స్పష్టంగా నిర్దేశించడమైనది. విధి నిర్వహణలో ఉన్న ప్రభుత్వ ఉద్యోగి, అనుమతి పొందిన వ్యక్తి, లోపల స్థిరాస్తిపై హక్కు గల వ్యక్తి, ప్రజా రహదారిపై ప్రయాణించే వ్యక్తి, వీరి ఆశ్రితులు మాత్రమే ప్రవేశార్హులు. శ్రీశైలం బస్సులో ప్రయాణించే యాత్రికునికి ప్రత్యేక అనుమతి అక్కరలేకపోవడానికి కారణం ఇదే. అదే యాత్రికుడు బస్సు దిగి, రహదారి వదలి, చెట్ల నడుమకు నడిచిన క్షణం నుంచి అనుమతి అవసరమవుతుంది. సమస్యలలో అధిక భాగం ఈ తేడా తెలియకపోవడం వలననే తలెత్తుతున్నవి.

28వ సెక్షను కింద వన్యప్రాణుల అధ్యయనం, ఫోటోగ్రఫీ, శాస్త్ర పరిశోధన, పర్యాటకం వంటి నిర్దిష్ట ప్రయోజనాలకు షరతులతో అనుమతులు ఇస్తారు. 30వ సెక్షను నిప్పు పెట్టడాన్ని, నిప్పును ఆర్పకుండా వదలివేయడాన్ని నిషేధిస్తున్నది. 31వ సెక్షను అనుమతి లేకుండా ఆయుధాలతో ప్రవేశించడాన్ని, 32వ సెక్షను హానికర రసాయనాలు, పేలుడు పదార్థాల వాడకాన్ని నిషేధిస్తున్నవి. బాణసంచా కాల్చి పుట్టినరోజు జరుపుకొనుట వంటివి కూడా నేరం కిందికి రాగలవని సందర్శకులు గుర్తించవలెను. చట్ట ఉల్లంఘనకు మూడేళ్ల వరకు జైలుశిక్షకు గాని, జరిమానాకు గాని, రెండింటికీ గాని అవకాశమున్నది. 25 వేల రూపాయలుగా ఉన్న గరిష్ఠ జరిమానాను 2022 నాటి సవరణ లక్ష రూపాయలకు పెంచింది.

వసతి గృహాలు నిర్మించే సంస్థలకు, శాఖలకు 33వ సెక్షను ముఖ్యమైనది. అభయారణ్యం లోపల వాణిజ్య ప్రయోజనం గల పర్యాటక విడిదుల నిర్మాణానికి జాతీయ వన్యప్రాణి మండలి ముందస్తు ఆమోదం తప్పనిసరి. ప్రభుత్వ విడిదులకు సైతం ఇది వర్తిస్తుందని 2022 సవరణలో స్పష్టీకరించడమైనది.

పులుల అభయారణ్యాల కోర్ ప్రాంతాలలో పర్యాటకంపై సుప్రీంకోర్టు 2012 జూలైలో తాత్కాలిక నిషేధం విధించి, జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు వెలువడిన తరువాత అదే సంవత్సరం అక్టోబరులో సడలించింది. ఆ మార్గదర్శకాల మేరకు కోర్ ప్రాంతంలో ఐదవ వంతుకు మించి పర్యాటకానికి తెరువరాదు, కొత్త పర్యాటక నిర్మాణాలు చేపట్టరాదు. బస వసతులు అంచుకు మళ్లవలెనన్న ఆలోచన అధికారుల వ్యక్తిగత అభిప్రాయం కాదు, దేశవ్యాప్తంగా ఆమోదం పొందిన విధానమని ఈ పరిణామాలు తెలుపుతున్నవి.

నిప్పు - నీరు

ఈ నియమాల వెనుక నల్లమల సహజ స్థితి ఉన్నది. ఇది ఆకురాల్చే పొడి అడవి. మాఘ, ఫాల్గుణ మాసాలలో ఆకులు రాలి, గడ్డి ఎండి, నేలంతా నిప్పు కోసం ఎదురుచూస్తున్నట్లు ఉంటుంది. ఫిబ్రవరి నుంచి మే నెల వరకు కార్చిచ్చు కాలం. మూడు రాళ్లు పెట్టి అన్నం వండుకొని, బూడిదపై నీళ్లు చిలకరించి వెళ్లిన పొయ్యి మరునాటి గాలికి తిరిగి రాజుకొనగలదు. ఆరని బీడీ, సిగరెట్ ముక్కలదీ ఇదే తీరు. అటవీ సిబ్బంది వేసవికి ముందే ఎండుటాకులను, గడ్డిని తొలగించి అగ్ని నిరోధక బాటలు ఏర్పాటు చేసినప్పటికీ, బాటకు లోపలి వైపున రాజుకొన్న నిప్పును ఆ బాట ఆపలేదు.

రెండవది నీరు. వేసవిలో వాగులు ఎండిపోగా, కొద్దిపాటి చెలమలు, అటవీశాఖ నింపే సాసర్ పిట్‌లు మాత్రమే జంతువులకు దిక్కు. గుడారం వేయదలచిన మనిషి సహజంగా నీటి చేరువనే చోటు చూసుకొంటాడు. ఆ నీటికే చీకటి పడిన తరువాత దుప్పి, ఎలుగుబంటి, వాటి వెనుక పులి వస్తవి. మనిషి అలికిడి, వెలుతురు, పాటల మోత ఉన్న చోటికి జంతువు రాదు. ఆ రాత్రికి దానికి నీరు లేనట్లే. మనుషుల బస వలన ప్రమాదం మనుషులకే అనుకొనుట పొరపాటు.

మూడవది చెత్త. అభయారణ్యంలో ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్‌ను 2024 జూలై 1 నుంచి నిషేధించడమైనది. కోతులకు, దుప్పులకు తినుబండారాలు వేయుట కూడా తగదు. రహదారి పక్కన ఆహారానికి అలవాటుపడిన జంతువు చివరకు వాహనం కింద పడుతున్నది.

చెంచు పెంటలు విడిది స్థలాలు కావు

నల్లమలలో తరతరాలుగా నివసిస్తున్నవారు చెంచులు. వారి చిన్న ఆవాసాలను పెంటలు అంటారు. 1940లో అమ్రాబాద్ పీఠభూమిపై వారి మధ్య ఉండి అధ్యయనం చేసిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమండార్ఫ్ 1943లో 'ది చెంచూస్' గ్రంథాన్ని వెలువరించారు. ఆ కాలంలో చెంచు కుటుంబాలు ఎండాకాలంలో పెంటను వదలి, నీరు, ఇప్పపూలు లభించే చోట్ల తాత్కాలిక విడిదులు వేసుకొనేవి. ఋతువునుబట్టి, నీటినిబట్టి మకాం ఎక్కడ ఉండవలెనో తెలిసిన ప్రజలు వారు. అడవిలో రాత్రి గడపగల నేర్పు తమకున్నదని భావించే పట్టణవాసి ముందుగా ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను.

కోర్ ప్రాంతాన్ని పులులకై కాపాడవలెనని చెప్పిన చట్టమే, షెడ్యూల్డు తెగల, ఇతర అటవీ నివాసుల హక్కులకు భంగం కలుగరాదని కూడా చెప్పింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఆ హక్కులను గుర్తించింది. మన్ననూరు కేంద్రంగా పనిచేసే సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ చెంచుల సంక్షేమ కార్యక్రమాలను నిర్వహిస్తున్నది. ఈ నేపథ్యంలో పెంటలోనికి ఆహ్వానం లేకుండా వెళ్లుట, ఇళ్లను, స్త్రీలను, పిల్లలను అనుమతి లేకుండా ఫోటోలు తీయుట, మద్యం పంచుట తీవ్రమైన అమర్యాద. చెంచు యువకుడు గైడుగా నడిపించే నడకలో పాల్గొనుట, తేనెను గిరిజన సహకార సంస్థ విక్రయ కేంద్రాలలో కొనుట మర్యాదైన మార్గాలు. అంచున బస, లోపల స్థానికుని తోడు అనే ఈ పద్ధతిలో పర్యాటకుడు ఖర్చుపెట్టే సొమ్ములో కొంతైనా అడవిని కాపాడుతున్న కుటుంబానికి చేరుతుంది.

సలేశ్వరం జాతర

ఏటా చైత్ర పౌర్ణమి సందర్భంగా లోతైన లోయలో జరిగే సలేశ్వరం లింగమయ్య జాతరకు వేలాది భక్తులు తరలివస్తారు. జాతర దినాలలో మాత్రమే తెరిచే ఈ మార్గంలో వాహనాలు దిగిన తరువాత రాళ్లు, లోయల నడుమ కాలినడకన సాగవలెను. కార్చిచ్చు కాలం, నీటి ఎద్దడి, జన సమ్మర్దం మూడూ ఒకేసారి కలిసే సందర్భమిది. కావున భక్తులు తెల్లవారిన తరువాత అడవిలో ప్రవేశించి, చీకటి పడకముందే వెలుపలికి వచ్చేటట్లు ప్రయాణాన్ని నిర్ణయించుకొనవలెను. రాత్రి మజిలీకి మన్ననూరు, అచ్చంపేటలను ఎంచుకొనుట శ్రేయస్కరం. వృద్ధులు, హృద్రోగులు లోయలోనికి దిగే సాహసం చేయరాదు.

సందర్శకులకు సూచనలు

బస ఖాయమైన తరువాతనే ప్రయాణం ప్రారంభించవలెను. అడవిలో అనేక చోట్ల సెల్‌ఫోన్ సంకేతాలు అందవు కనుక వెళ్లే చోటు, తిరిగి వచ్చే వేళ ఇంటివారికి ముందుగా తెలుపవలెను. చలికాలపు రాత్రులలో పీఠభూమిపై చలి అధికం, కావున తగిన దుస్తులు వెంట ఉంచుకొనవలెను. గుడారంలో నిద్రించాలన్న కోరిక గలవారు అడవి హద్దుకు వెలుపల, యజమాని సమ్మతి పొందిన స్థలంలోనో, పర్యాటక సంస్థల ఆవరణలోనో ఏర్పాటు చేసుకొనవచ్చును. అక్కడ సైతం నేలపై మంట వేయక, స్టవ్‌నే వాడవలెను. పాము కాటుకు గురైనవారిని నాటు వైద్యంతో కాలయాపన చేయక 108 వాహనంలో సమీప ప్రభుత్వ ఆసుపత్రికి తరలించవలెను. ఇతర అత్యవసరాలకు 112 నంబరును సంప్రదించవచ్చును.

పత్రికా ప్రతినిధులకు, అధికారులకు

నల్లమల పర్యాటక వార్తలలో కొన్ని పొరపాట్లు తరచు దొర్లుతున్నవి. మన్ననూరు, ఫరహాబాద్ నేడు మహబూబ్‌నగర్ జిల్లాలో లేవు, నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉన్నవి. నదికి ఆవలి నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం, ఈవలి అమ్రాబాద్ పులుల అభయారణ్యం వేర్వేరు. జలపాతాల చేరువలో, లోయ అంచులలో గుడారాలు వేసిన ఛాయాచిత్రాలను ఆకర్షణగా ప్రచురించినప్పుడు, అది అనుమతి గల స్థలమా కాదా అన్న వివరం లేనిచో ఆ చిత్రమే మరుసటి వారం మరికొన్ని బృందాలను అక్కడికి రప్పిస్తుంది. బస వసతుల వివరాలతో పాటు రాత్రి రాకపోకల నిషేధాన్ని, వర్షాకాల విరామాన్ని కూడా ప్రచురించినచో పాఠకులకు మేలు జరుగుతుంది.

జిల్లా యంత్రాంగం, పర్యాటక, అటవీ, రవాణా, గిరిజన సంక్షేమ శాఖలు సమన్వయంతో వ్యవహరించవలసిన విషయం కూడా ఇదే. జడ్చర్ల, కల్వకుర్తి, అచ్చంపేట బస్‌స్టేషన్లలో గేటు మూసే వేళను, అనుమతి పొందే విధానాన్ని తెలిపే బోర్డులు ఉన్నచో వంద కిలోమీటర్ల ముందుగానే యాత్రికుడు తన రాత్రి బసను నిర్ణయించుకొనగలడు. చెక్‌పోస్టు వద్ద రాత్రి 9 గంటలకు, పిల్లాపాపలతో వచ్చిన కుటుంబానికి నియమం బోధించవలసిన అవస్థ సిబ్బందికి తప్పుతుంది.

నల్లమలకు రావద్దని ఎవరూ చెప్పడం లేదు. పగటి వెలుతురులో అడవిని దర్శించి, చీకటి పడిన వేళ దానిని దాని నివాసులకు వదలి, అంచున ఉన్న ఊరిలో విశ్రమించవలసిందిగా మాత్రమే కోరడమైనది. ఈ కోరికను మన్నించి సందర్శకులు, ప్రసార మాధ్యమాలు, శాఖలు సహకరించినచో రాబోయే తరాలవారు కూడా జడ్చర్ల కూడలిలో తూర్పుకు మళ్లి ఇదే అడవిని చూడగలుగుతారు.